నీళ్ల సాంబయ్య

దయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచిపోయే రకం. గొప్పకు చెప్పడం లేదు. వరంగల్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున లేస్తే రక్తం, మూత్రం, రిపోర్టులు, అదే నా లోకం. జ్వరం వచ్చిన పిల్లకు దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, ఆఖరికి ప్లేట్‌లెట్లు పడిపోయాక మా దగ్గరికి మోసుకొచ్చే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చాలామందిని మొహం మీదే తిట్టాను. నా నోటికి జడిసి దయ్యాలు కూడా మన గల్లీలోకి రావని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు.

అలాంటి నేను ఇది రాయడానికి కూర్చోవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. కానీ ఆ రోజు అక్కడున్న వాళ్లు తలో రకంగా చెప్పుకుంటున్నారు. నేనేదో చేయించానని కూడా అంటున్నారట. అందుకని చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా బాపు పేరు సాంబయ్య. కొత్తవాడలో మగ్గాల ఇంట్లో పుట్టాడు కానీ మగ్గం ముందు ఆయన ఏనాడూ కుదురుగా కూర్చోలేదట. పడుచు వయసులోనే డోర్నకల్ స్టేషన్‌లో క్యాంటీన్ పనికి చేరి, వచ్చీపోయే బండ్ల వాళ్లకు టీలు, కట్లెట్లు అందిస్తూ ఆ పనిలోనే పండిపోయాడు. కొత్తవాడలో ఆయనతో కలిసి పెరిగిన వీరేశం, హన్మకొండ చౌరస్తా దగ్గర బార్ అండ్ రెస్టారెంట్ తెరుస్తూ బాపును పిలిపించుకున్నాడు. ఓనరు వీరేశం, బార్ మొత్తం బాపు చేతి మీద. నేను వీరేశంను చిన్నాయన అని పిలిచేదాన్ని.

దాని పేరు బ్లూ లాంటర్న్. ఎవరికీ నోరు తిరగక లాంతర్ హోటల్ అయింది. కింద బారు, పైన ఫ్యామిలీ సెక్షన్. మెరూన్ రెగ్జిన్ సోఫాలు, గుండ్రటి అద్దాలు అతికించిన స్తంభాలు, గోడలో అక్వేరియం, గ్లాసుల్లో విసనకర్రల్లా మడిచి పెట్టిన పేపర్ న్యాప్కిన్లు. తిన్నాక నిమ్మకాయ చెక్క వేసిన వేడి నీళ్ల గిన్నె తెచ్చి పెడితే, కొత్తగా వచ్చిన వాళ్లు అది తాగాలా, చేతులు కడగాలా అని పక్క టేబుల్ వైపు దొంగచూపులు చూసేవాళ్లు. బడి వదిలాక నేను నేరుగా అక్కడికే వెళ్లేదాన్ని. పైన మూల టేబుల్ నాది. అక్కడ కూర్చుని కట్లెట్ తింటూ హోంవర్క్ చేసుకునేదాన్ని. మా ఇంటికన్నా నాకు ఆ హోటలే ఎక్కువ ఇష్టం. ఇప్పటికీ నాలుగు మంచి రోజులు గుర్తు చేసుకోమంటే అందులో మూడు అక్కడివే అవుతాయి.

బాపు ఒక డ్రింక్ కనిపెట్టాడు. ఎనుమాముల మార్కెట్ నుంచి చపాట మిర్చి తెచ్చేవాడు. అది టమాటంత ఎర్రగా ఉంటుంది, కారం మాత్రం అంతంతే. గింజలు తీసేసి చక్కెర పాకంలో నానబెడితే పాకం మొత్తం ఎర్రబడుతుంది. అందులో నారింజ రసం, నల్ల ఉప్పు, జిన్ను కలిపి ఇచ్చేవాడు. దాని పేరు లాల్ లాంతర్. దాని కోసమే కాజీపేట నుంచి వచ్చేవాళ్లు. నాకు జిన్ను లేకుండా సోడా పోసి పంపేవాడు. ఆ తీపి, ఆ ఉప్పు, గొంతు దిగాక మెల్లగా వచ్చే ఆ కారం నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

నేను ఆరో తరగతిలో ఉండగా అది జరిగింది. కొంతకాలంగా లాంతర్‌లో మందు పలచగా ఉంటోందని గొణుగుళ్లు మొదలయ్యాయి. ఒక సాయంత్రం బారు నిండా జనం ఉండగా, రోజూ వచ్చే కాంట్రాక్టర్ ఒకాయన గ్లాసు టేబుల్ మీద కొట్టి కేకలేశాడు. వీరేశం కౌంటర్ వెనక నుంచి వచ్చాడు. ఆ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. మిగిలింది మా బాపు నెత్తిన గుమ్మరించాడు.

"నీళ్లేరా! మందు పోస్తానవా సాంబా, నల్లా విప్పుతానవా?" అన్నాడు. ఆ మాట పై అంతస్తులో నా టేబుల్ దాకా వినిపించింది. దాని వెంటే కింద నవ్వులు. నేను మెట్లు దిగేసరికి బాపు స్ప్రింగు తలుపు తోసుకుని బయటికి వస్తున్నాడు. తెల్ల కోటు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూసి "పా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు, అంతే.

నీళ్లు కలిపింది వీరేశమే. స్టోర్‌రూమ్‌లో గరాటు పెట్టి సీసాల్లో నీళ్లు పోస్తుండగా బాపు చూశాడు. స్నేహితుడు కదా, మెల్లగా చెబితే మానేస్తాడనుకుని నోరు మూసుకున్నాడు. ఆ రాత్రి అమ్మకు ఒక్కసారే చెప్పాడు. "గరాటు పట్టుకున్నది వాడు. నా కండ్లార చూసిన. దోస్తు గదా అని ఊకున్న." ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆ ఊసు ఎత్తలేదు.

ఎత్తినా వినేదెవరు? అప్పటికే ఆయనకు పేరు పడిపోయింది. నీళ్ల సాంబయ్య. కిరాణా కొట్లో నీళ్ల సాంబయ్య, పెళ్లిళ్లలో నీళ్ల సాంబయ్య. పాలవాడు మా ఇంటి ముందు ఆగి, "మీకు నేను కలపాల్నా, మీరే కలుపుకుంటరా?" అని నవ్విపోయేవాడు. బళ్లో నేను నీళ్ల సాంబయ్య బిడ్డను. ఊళ్లో ఏ బారులోనూ బాపుకు మళ్లీ పని దొరకలేదు. పెళ్లి వంటలకు వెళ్లి కూరగాయలు తరిగేవాడు. అక్కడ కూడా ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి పిలిచి నవ్వేవాళ్లు. నాకు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు, మా ఆయన తరఫు పెద్దమనిషి ఒకాయన ఇంటి పేరు అడగలేదు, "నీళ్ల సాంబయ్య గారేనా?" అని అడిగాడు. మా ఆయన అప్పుడే ఆయన నోరు మూయించాడు కాబట్టి ఈ పెళ్లి చేసుకున్నాను.

బాపు పోయి కొన్నేళ్లయింది. ఆయన పోయినప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దొప్పలో ఇంత మందు పోసి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే సరే. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో తీరనిది మిగిలిందని లెక్క. ఒక్కొక్కరే ముందుకొచ్చి నీ భార్యను చూసుకుంటాం, నీ బిడ్డను చూసుకుంటాం అని మాట ఇస్తారు.

బాపుకు ఎవరు ఎన్ని మాటలిచ్చినా కాకి రాలేదు. చెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి, దిగడం లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అప్పుడు అమ్మ విసురుగా వెళ్లి దొప్ప ఎత్తి వాసన చూసింది. "దీంట్ల నీళ్లెవలు కలిపిండ్రు?" అని అరిచింది. కలిపింది మా రాజమౌళి మామ. పెగ్గు పోస్తే నీళ్లు కలపడం ఆయన చేతికి అలవాటు, ఆలోచించకుండా కలిపేశాడు. నా బాపు విస్తట్లో, ఆ మందులో నీళ్లు. అమ్మ ఆ దొప్ప విసిరికొట్టి, కొత్త దొప్పలో చుక్క నీరు లేకుండా పోసి వచ్చింది. మేం వెనక్కి తిరిగేలోపే కాకి దిగింది.

చుట్టాలంతా దండాలు పెట్టారు. నేను పెట్టలేదు. అమ్మ కదలికకు బెదిరిన కాకులు మళ్లీ సర్దుకుని దిగాయి, అంతే అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఇక అసలు సంగతి. మొన్న ఎండాకాలం ముందు ల్యాబ్‌లో పిల్లలు ఫోన్ చూస్తూ లాంతర్ మళ్లీ తెరుస్తున్నారని చెప్పుకోవడం విన్నాను. ఎప్పుడో మూతపడ్డ హోటల్‌ను వీరేశం కొడుకు కార్తీక్ పాత పద్ధతిలోనే తీర్చిదిద్ది రెట్రో డైనర్, కాక్‌టెయిల్ లాంజ్ అని పేరు పెట్టాడట. ఆదివారం మధ్యాహ్నం ఓపెనింగ్. పాత కస్టమర్లందరికీ పిలుపు అని పోస్టర్.

మాకు పిలుపు లేదు. అయినా వెళ్లాలనిపించింది. అమ్మకు చెబితే "ఆ గడప తొక్కకు" అంది. ఆమెకు కోపం. నాకూ కోపమే, కానీ నా కోపానికి ఆ గడప చూడాలని ఉంది. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే మా ఆయన ఆదివారాలు ఇంట్లో ఉంటాడు. ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను.

లోపలికి అడుగుపెట్టగానే నాకు కళ్లు నిండాయి. ఎంత పాపిష్టి వాళ్లదైనా అది నేను పెరిగిన చోటు. అవే మెరూన్ సోఫాలు, అవే గుండ్రటి అద్దాలు. అక్వేరియం కొత్తది కానీ అదే గోడలో ఉంది. న్యాప్కిన్లు కూడా విసనకర్రల్లాగే మడిచారు. కిటికీల్లోంచి మిట్టమధ్యాహ్నపు వెలుతురు పడుతోంది, జనం కిటకిటలాడుతున్నారు. ఒక గోడ నిండా 'మా కథ' అని పెద్ద బొమ్మ గీయించారు. అందులో పడుచు వీరేశం ఒక్కడే ఉన్నాడు. చేతిలో ఎర్రటి గ్లాసు. లాల్ లాంతర్ సృష్టికర్త అని కింద రాసుంది.

ఆ అక్షరాలు రెండుసార్లు చదివాను. ఇంతలో మా ఆయన మెనూ చూస్తూ మొహం మాడ్చుకుని దాన్ని మూసేశాడు. నేను లాక్కున్నాను. మందు లేని డ్రింకుల వరసలో అన్నిటికన్నా పైన ఉంది. నీళ్ల సాంబయ్య. రంగు మాత్రమే, మందు ఉండదు, అసలు కథ మా స్టాఫ్‌ను అడగండి అని పేరు కింద రాశారు.

అడిగాను. వెయిటరు నవ్వు మొహంతో చెప్పాడు. "పాత రోజులల్ల ఈడ సాంబయ్య అని ఓ బార్‌మన్ ఉండెనంట మేడం. మందు ఇంటికి పట్టకపోయి సీసలల్ల నీళ్లు నింపేటోడంట. మా పెద్ద సార్ అందరి ముందట పట్టుకొని నెత్తి మీద పోసిండంట. మస్తు ఫేమస్ కథ మేడం."

మా ఆయన "లే, పోదాం" అన్నాడు. నేను "కూసో" అన్నాను. ఆ డ్రింకే తెమ్మన్నాను. వచ్చింది. తాగాను. అది బాపు చేసినదే, సోడా పోసి నాకు పైకి పంపినదే. తీపి, ఉప్పు, చివర ఆ కారం. ఆయన చేతి రుచి తీసుకుని, ఆయన పేరు మీద నింద రాసి, దాన్ని నాకే అమ్ముతున్నారు. నాకు ఏడుపు రాలేదు. వీరేశం గొంతు పిసకాలనిపించింది. నిజం, అదే అనిపించింది. "చూస్తానవా బాపూ?" అని పైకే అన్నాను. అది మాట వరసకు అన్నది. పక్కన నిలబడ్డ వెయిటరు విన్నాడు.

అప్పుడే వీరేశంను తీసుకొచ్చి మధ్య టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. బాగా ముసలివాడైనా నిటారుగా, తెల్ల బట్టల్లో పెళ్లికొడుకులా ఉన్నాడు. కార్తీక్ మైకులో ఏదో మాట్లాడి, మొదటి లాల్ లాంతర్ తండ్రి చేతికిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వీరేశం గ్లాసు పైకెత్తి చూపించి ఒక గుక్క తాగాడు.

మొహం చిట్లించాడు. ఇంకో గుక్క తాగాడు. "ఏందిరా గిది? ఉత్త నీళ్లు" అన్నాడు.

కౌంటర్‌లో ఉన్న బార్‌మన్ హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. మెనూలో ఉన్న జోకే అనుకుని నవ్వాడు. జనం కూడా నవ్వారు. వీరేశం నవ్వలేదు. ఇంకో గ్లాసు కలిపి తెచ్చారు. అదీ నీళ్లే అన్నాడు. కార్తీక్ అదే గ్లాసులోంచి తాగి చూసి, "మంచిగనే ఉంది గదా నాయినా" అన్నాడు. టేబుల్ దగ్గరున్న ఆయన స్నేహితులు కూడా తలా ఒక గుక్క తాగి బాగానే ఉందన్నారు. ఆయన అందరి మొహాలూ చూశాడు. "నాతోని పరాచికాలాడుతాండ్రా?" అని అరిచాడు.

విస్కీ సీసా తెప్పించుకున్నాడు. సీలు తనే విప్పాడు. నేను కూర్చున్న చోటికి ఆ సీలు విరిగిన చప్పుడు వినిపించింది. గ్లాసు నిండా పోసుకుని, సోడా లేకుండా, ఐసు లేకుండా గటగటా తాగాడు. ఆ వయసు మనిషి అలా తాగితే దగ్గు రావాలి, కళ్లలో నీళ్లు తిరగాలి. ఏమీ లేదు. దాహానికి నీళ్లు తాగిన మనిషిలా మూతి తుడుచుకున్నాడు.

"నీళ్లే" అన్నాడు. ఈసారి అరవలేదు.

లేచి కౌంటర్ వెనక్కి వెళ్లాడు. రమ్ము, బ్రాందీ, వోడ్కా, చేతికి ఏ సీసా అందితే అది వంచుకుని తాగుతున్నాడు. కొడుకు ఆపబోతే తోసేశాడు. జనం ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారు. మా ఆయన వద్దంటున్నా నేను లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ఆయన తాగి పెట్టిన సీసాలోంచి ఒక ఖాళీ గ్లాసులో కొంచెం ఒంపుకుని, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నాలుక భగ్గుమంది. అది మందే, నీళ్లు కాదు.

అప్పుడు ఆయనకు దగ్గరగా వంగాను. తాగి వచ్చే పేషెంట్లు మా ల్యాబ్ గడప ఎక్కకముందే నాకు వాసన తెలిసిపోతుంది. ఈయన అప్పటికి ఎంత తాగాడో అందరూ చూశారు. ఆయన నోటి దగ్గర మందు వాసన రవ్వంత కూడా లేదు. మాట తడబడలేదు, కాలు తడబడలేదు. చేతిలో గ్లాసు కౌంటర్ మీద పెట్టేసి ఒక అడుగు వెనక్కి జరిగాను.

ఆయన నన్ను చూశాడు. "ఎవలు నువ్వు?" అన్నాడు.

"సాంబయ్య బిడ్డను. నీళ్లేనా చిన్నాయనా?" అన్నాను.

చేతిలో సీసా కింద పెట్టాడు. నా వైపు చూడటం మానేసి నా పక్కన చూశాడు, నా భుజానికి కొంచెం పైన. అక్కడ ఎవరూ లేరు, స్ప్రింగు తలుపు ఉంది. అది ఊగడం లేదు, ఏమీ లేదు. నేనూ తిరిగి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆయన మాత్రం మనిషిని చూసినట్టే చూశాడు.

"కలిపింది నేనే. సాంబడు గాదు. గరాటు పట్టుకొని నేనే కలిపిన, వాని మీదికి తోసిన. విన్నరా అందరు? సాంబడు దొంగ గాదు." మళ్లీ నా భుజం మీదుగా చూశాడు. "చాలా? ఇగ చాలా సాంబా?" అన్నాడు.

అని, పక్కనున్న గ్లాసు గబగబా అందుకుని తాగాడు. ఆ తాగిన తీరు చూసి నాకు అర్థమైంది. నిజం చెప్పేశాను కాబట్టి ఇప్పుడు రుచి తిరిగి వస్తుందని ఆశపడ్డాడు. గుక్క మింగి, పెదాలు నాక్కుని చూసి, గ్లాసు పెట్టేశాడు. ఆయన కళ్లలోకి భయం వచ్చింది. అది కూడా నీళ్లేనని వేరే చెప్పక్కర్లేదు.

నాకు సంతోషమైంది. దాచను. ఆ ముసలి మనిషి కౌంటర్ పట్టుకుని వణుకుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. మెనూ కార్డులన్నీ ఏరి నా ముందు పెట్టమన్నాను. కార్తీక్ తనే వాటిని చింపాడు. గోడ మీద లాల్ లాంతర్ సృష్టికర్త అన్న అక్షరాలకు రంగు పూయించాకే బయటికి నడిచాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమెకు మిగతా ఏదీ పట్టలేదు. "అందరి ముందట చెప్పిండా?" అంది. చెప్పాడన్నాను. "సాంబడు దొంగ గాదన్నడా?" అన్నాడన్నాను. మళ్లీ చెప్పమంది. ఆ రోజు నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. చివరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు కొత్తవాడలో బాపును ఎవరూ ఆ పేరుతో అనడం లేదు. ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వెళ్లింది మరి.

అక్కడితో అయిపోయి ఉంటే ముసలితనంలో మతి చెదిరింది, గిల్టీగా ఫీలై నోరు జారాడు అనుకుని నేను ఊరుకునేదాన్ని. కొంతకాలానికి కార్తీక్ మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వాళ్ల నాన్నకు అప్పటి నుంచి ఏది నోట్లో పెట్టుకున్నా నీళ్లేనట. మందు మాత్రమే కాదు. టీ నీళ్లు, మజ్జిగ నీళ్లు, మటన్ కూర నమిలినా నీళ్లు. తిండి మానేశాడు. ఎండుకుపోతున్నాడు.

ఓపెనింగ్ రోజే పక్షవాతమేమోనని దవాఖానకు తీసుకెళ్లారట. రక్తంలో మందు జాడే లేదన్నారట. అన్ని సీసాలు వంచుకుని తాగిన మనిషి రక్తంలో. ఎంత అడ్డం తిప్పి చూసినా ఈ ఒక్కటి నాకు కొరుకుడు పడటం లేదు. నాలుక రుచి పోవడానికి నరాల జబ్బు అనొచ్చు, వాడే మాత్రల వల్ల అనొచ్చు, నాకు ఆ పేర్లన్నీ తెలుసు. నాలుక చెడితే మందు రక్తంలోకి ఎక్కకుండా పోదు. శాంపిల్ మారిపోయిందేమో అనుకున్నాను. నాకు తెలిసినవాళ్ల చేత ఆరా తీయించాను కూడా. మారలేదు. స్కానింగులు చేశారు, నాలుక పరీక్షించారు, అంతా బాగానే ఉందని పంపించారు.

"ఏమన్న చేయించినవా అక్కా? నిజం చెప్పు, ఏమన్న అంటే ఒట్టు" అన్నాడు కార్తీక్. నేను మండిపడ్డాను. అలాంటి పనులు చేసే మొహమా నాది? అతను తల వంచుకున్నాడు. "గట్లయితే గా రోజు 'చూస్తానవా బాపూ' అన్నవంట గదా. మా వెయిటర్ విన్నడు. గిప్పుడు ఇగ చాలు అని మీ బాపు ఫోటో ముందట ఒక్కమాట అను అక్కా. నీ కాళ్లు మొక్కుత. మా నాయిన చచ్చిపోతాండు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి కార్తీక్ ముందు పెట్టింది. "ఇన్నేండ్లు మేము తాగినం బిడ్డా గా నీళ్లు. మీ నాయినను గూడ జర తాగనియ్" అంది. అతను ఆ గ్లాసు ముట్టకుండా వెళ్లిపోయాడు. తరువాత కూడా రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఈ మధ్య చేసినప్పుడు ఏడ్చాడు. తండ్రి చేసిన దానికి అతనేం చేస్తాడు పాపం అని మా ఆయన అంటాడు. అది కూడా నిజమే.

ఫోటో ముందు ఇగ చాలు అంటే వీరేశం నోటికి రుచి వస్తుందని నేను నమ్మను. నమ్మనప్పుడు అనడానికి ఏం పోయింది అని మా ఆయన అడుగుతాడు. అని చూడు, ఆ ముసలాయన ఇంత అన్నం తింటాడేమో అంటాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఒకసారి అందామని ఫోటో ముందు నిలబడ్డాను కూడా. తడిసిన కోటుతో మెట్ల దగ్గర నిలబడ్డ మనిషే గుర్తొచ్చాడు. ఏమీ అనకుండానే వచ్చేశాను.

ఇవాళ పొద్దున కూడా బాపు ఫోటో దగ్గర దీపం పెట్టాను. వత్తి సరిచేసి, అగ్గిపుల్ల గీసి వెలిగించి, ఆ మాట అనకుండానే, ల్యాబ్‌కు టైమవుతోందని చెప్పులేసుకుని వచ్చేశాను.